అమ్మ జబ్బు నాకూ రాసిపెట్టి ఉందా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది తెనాలి దగ్గర ఒక పల్లె. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. నేను పుట్టిన మూడో నెలలో మా అమ్మకు డిప్రెషన్ మొదలైందట. అప్పటి నుంచి వస్తూ పోతూ ఉంది. ఇంట్లో దాన్ని ఎప్పుడూ నరాల బలహీనత అనే చెప్పుకున్నాం. మా చిన్నమామయ్య నా చిన్నతనంలో ఆత్మహత్య చేసుకున్నాడు. నన్ను ఎవరైనా ఒక మాట అంటే అది ఏళ్ల తరబడి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంటుంది. "నీది అచ్చం మీ చిన్నమామయ్య మనసే" అని మావాళ్లు చిన్నప్పటి నుంచీ అంటూ ఉంటారు. మా అన్నయ్యకు ఇవేమీ లేవు. ఆరు నెలల క్రితం ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించుకొని, ఉమ్మి నమూనా పంపి జన్యు పరీక్ష చేయించుకున్నాను. సెరటోనిన్ జన్యువు పొట్టి రూపంలో ఉందనీ, బీడీఎన్ఎఫ్ అనే జన్యువులో మెట్ రూపం ఉందనీ, అందువల్ల నాకు ఒత్తిడిని తట్టుకునే శక్తి తక్కువనీ నివేదిక వచ్చింది. అప్పటి నుంచి నిద్ర సరిగా పట్టడం లేదు. నా భర్త మా మేనత్త కొడుకే. పిల్లల్ని కనాలని అనుకుంటున్నాం. నాకు ఈ జబ్బు తప్పదా? అన్నయ్యకు లేనిది నాకెందుకు? పిల్లల్ని కనవచ్చా? అత్తయ్యకు చెప్పాలా? వంశంలో ఉన్నదానికి మందులేం చేస్తాయంటూ అమ్మ ఏడాదిగా మాత్రలు కూడా మానేసింది.

సమాధానం:

అమ్మా, మీరు అడిగిన ప్రశ్నలు నాలుగు. వాటన్నిటికంటే ముందుగా పట్టించుకోవలసిన విషయాన్ని మాత్రం మీరు ప్రశ్నగా అడగలేదు, ఉత్తరం ముగిస్తూ ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. మీ అమ్మగారు ఏడాదిగా మందులు మానేశారు. ఆవిడ మాత్రలు మానేయడానికీ, మీరు ఆ నివేదిక చూసి నిద్ర పోగొట్టుకోవడానికీ మూలం ఒకే నమ్మకం: రక్తంలో వచ్చినది ఎవరు ఏం చేసినా మారదని. ఆ నమ్మకం సడలితే తప్ప నేను చెప్పబోయే సలహా ఏదీ మీ ఇంట్లో పనిచేయదు. అందుకని ముందు జన్యువుల సంగతి కొంత వివరంగా చెప్పి, ఆ తరువాత అమ్మగారి దగ్గరకు వస్తాను.

మీ నివేదికలోని మొదటి జన్యువు, మెదడు కణాలు విడుదల చేసిన సెరటోనిన్ అనే రసాయనాన్ని తిరిగి లోపలికి తీసుకునే ప్రోటీన్‌కు సంబంధించినది. ఆ జన్యువును నడిపించే భాగం కొందరిలో పొడవుగానూ, కొందరిలో పొట్టిగానూ ఉంటుంది. న్యూజిలాండ్‌లోని డ్యూనెడిన్‌లో 1972-73లో పుట్టిన పిల్లలను పసితనం నుంచి గమనిస్తూ వచ్చిన బృందం, వారిలో 847 మంది వివరాలను పరిశీలించి, 2003లో సైన్స్ పత్రికలో ఒక ఫలితం ప్రకటించింది. జీవితంలో వరుసగా కష్టాలు ఎదురైనప్పుడు, పొట్టి రూపం ఉన్నవారు పొడవు రూపం ఉన్నవారి కంటే ఎక్కువగా డిప్రెషన్‌కు లోనయ్యారని దాని సారాంశం. అంతకు ఏడాది ముందే మరో బృందం, పొట్టి రూపం ఉన్నవారికి భయపడిన ముఖాల చిత్రాలు చూపిస్తే మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం ఎక్కువగా స్పందిస్తుందని చూపింది. రెండూ చక్కగా అతికాయి. వైద్య విద్యార్థులకు పాఠంగా చెప్పారు, పత్రికలు రాశాయి, పరీక్షల కిట్లు అమ్మేవారూ అందుకున్నారు.

తరువాత జరిగినది మాత్రం ఆ కిట్ పెట్టెల మీద ఎవరూ రాయరు. 2009లో అలాంటి 14 పరిశోధనలను, అంటే 14,250 మంది వివరాలను, ఒకచోట చేర్చి చూసినప్పుడు ఆ జన్యు రూపానికీ డిప్రెషన్‌కూ సంబంధం కనబడలేదు. కష్టాలతో కలిపి చూసినా కనబడలేదు. కష్టాలకూ డిప్రెషన్‌కూ మధ్య ఉన్న సంబంధం మాత్రం స్పష్టంగా నిలబడింది. 2019లో ఇంకా పెద్ద ప్రయత్నం జరిగింది. డిప్రెషన్ జన్యువులుగా అప్పటికి పేరు మోసిన 18 జన్యువులను, 4 లక్షల 40 వేలకు పైగా మనుషుల సమాచారం వరకు తీసుకొని పరీక్షించారు. ఆ 18 జన్యువులకూ, ఏ పేరూ లేని మిగతా జన్యువులకూ తేడా కనబడలేదు. మీ నివేదికలో ఉన్న సెరటోనిన్ జన్యువు, మెదడు కణాల ఎదుగుదలకు తోడ్పడే ప్రోటీన్‌కు సంబంధించిన బీడీఎన్ఎఫ్ జన్యువు రెండూ ఆ 18లోనివే. పైగా పొట్టి రూపం యూరప్ ప్రజల కంటే తూర్పు ఆసియా ప్రజలలో చాలా ఎక్కువమందికి ఉంటుంది, అయినా అక్కడ డిప్రెషన్ ఎక్కువన్న దాఖలా లేదు. బీడీఎన్ఎఫ్ మెట్ రూపం ఉన్నవారికి జరిగిన సంఘటనలను గుర్తుపెట్టుకునే శక్తి కాస్త తక్కువని 2003లో ఒక పరిశోధన చెప్పింది. దాని తరువాత వచ్చిన ఫలితాలు అటూ ఇటూ ఉన్నాయి. మీరే చెప్పండి, అన్నీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంటాయని రాసిన మీకు ఆ జన్యు రూపం ఏం వివరిస్తోంది? ఆ నివేదికను మీ భవిష్యత్తుకు ఆధారంగా ఏ మానసిక వైద్యుడూ తీసుకోడు. మీరూ తీసుకోవద్దు.

అయినా ఆ కాగితం మీకు హాని చేసింది. ఎలాగో చెబుతాను. అమెరికాలో లెబోవిట్జ్, ఆన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2017లో ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరికి ఉమ్మి పరీక్ష చేసినట్టు చూపించి, వారి అసలు జన్యువులతో నిమిత్తం లేకుండా, కొందరికి డిప్రెషన్ వచ్చే జన్యు లక్షణం ఉందనీ, మిగతావారికి లేదనీ చెప్పారు. ఆ తరువాత గడిచిన రెండు వారాలలో మీ మనసు ఎలా ఉంది అని అందరినీ అడిగారు. ఉందని చెప్పించుకున్నవారు ఆ రెండు వారాలలో తమకు ఎక్కువ దిగులు, ఎక్కువ నిస్సత్తువ ఉన్నట్టు గుర్తుచేసుకున్నారు. ఆ రెండు వారాలూ ఫలితం చెప్పకముందే గడిచిపోయినవి. గడిచిపోయిన రోజుల జ్ఞాపకాన్నే ఆ ఒక్క మాట దిగులుగా మార్చింది. మీకు నిద్ర చెడినది నివేదిక వచ్చిన తరువాత అని మీరే రాశారు. "అచ్చం మీ చిన్నమామయ్య మనసే" అన్న మాట మీ చెవిన పడుతున్నది మాత్రం చిన్నతనం నుంచి. పోలికలు చూడడం మన ఇళ్లలో ప్రేమతో చేసే పనే, కాదనను. కానీ అకాలంగా పోయిన మనిషితో ఒక పసిపిల్లను పోల్చి, ఆ పోలికను పాతికేళ్లు ఆమె చెవిలో వేస్తూ ఉండడం ఏ జన్యువు కంటే తక్కువ బరువైనదని నేను అనుకోను. ఇకమీదట ఎవరైనా ఆ మాట అంటే, అనవద్దని మీరు నెమ్మదిగానే అయినా స్పష్టంగా చెప్పండి.

అయితే డిప్రెషన్‌లో వంశానికి పాత్రే లేదా అంటే, ఉంది. దానిని దాచడం మీకు మేలు చేయదు. కవలల మీద జరిగిన పరిశోధనలను కలిపి 2000లో వేసిన లెక్కలో, డిప్రెషన్ విషయంలో అనువంశికత సుమారు 37 శాతమని తేలింది. ఈ అంకెను చాలామంది తప్పుగా చదువుతారు. అమ్మకు ఉంటే బిడ్డకు 37 శాతం వస్తుందని దీని అర్థం కాదు. ఒక జనాభాలో మనిషికీ మనిషికీ మధ్య ఈ జబ్బు విషయంలో ఉన్న తేడాలలో మూడో వంతుకు కాస్త ఎక్కువ జన్యువుల తేడాలతో ముడిపడి ఉందనీ, మిగిలిన పెద్ద భాగం జీవితానుభవాలతో ముడిపడి ఉందనీ మాత్రమే అర్థం. మనిషి పొడుగులో అనువంశికత దాదాపు 80 శాతం. అయినా తిండి బాగుపడిన ఇళ్లలో మనవలు తాతలను మించి ఎదగడం చూస్తూనే ఉన్నాం. కాబట్టి అనువంశికం అన్న మాటకు మారనిది అనే అర్థం లేదు. ఒకే అండం నుంచి పుట్టి, ఒకే డీఎన్ఏ పంచుకున్న కవలలలో ఒకరికి డిప్రెషన్ వస్తే రెండోవారికి కూడా రావడం సగం జంటలలో కూడా జరగదు.

మీకు కావలసిన అంకె వేరే ఉంది. తల్లికో తండ్రికో తోబుట్టువుకో డిప్రెషన్ ఉన్నవారికి, అలా లేనివారితో పోలిస్తే, అవకాశం ఇంచుమించు రెండున్నర నుంచి మూడు రెట్లు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాలలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, మన దేశంలో 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్‌కు లోనవుతారని చెప్పింది. ఆ లెక్కను మూడు రెట్లు చేస్తే మీలాంటి 100 మందిలో 15 మంది. సర్వేకు అందని కేసులు ఉన్నాయనుకొని ఇంకా పెంచినా, మీలాంటి ఆడపిల్లలలో ఎక్కువమంది ఈ జబ్బు చూడకుండానే జీవితం గడుపుతారు. ఇది మీకు ధైర్యం చెప్పడానికి గుండ్రంగా చేసిన లెక్కే, మీ ఒక్కరి జాతకం కాదు. అయినా "తప్పదా" అన్న మీ ప్రశ్నకు ఇది సూటి జవాబు. తప్పనిదేమీ కాదు.

ఈ మూడు రెట్ల ముప్పు ఒక్క జన్యువులో లేదు. 2025లో సెల్ పత్రికలో వచ్చిన అంతర్జాతీయ పరిశోధన 29 దేశాల నుంచి 6 లక్షల 80 వేలకు పైగా డిప్రెషన్ ఉన్నవారి సమాచారాన్ని పరిశీలించి 697 జన్యు తేడాలను గుర్తించింది. ఒక్కొక్కదాని ప్రభావం అతి స్వల్పం. అవన్నీ కొద్దో గొప్పో ప్రతి మనిషిలోనూ ఉంటాయి, మీ అత్తయ్యలోనూ, నాలోనూ. మీ అన్నయ్యకూ మీకూ తేడా ఎందుకన్నదానికి జవాబు ఇక్కడే ఉంది. తోబుట్టువులు సగటున సగం జన్యు తేడాలనే పంచుకుంటారు. అవి ఒక్కొక్కరికి ఒక్కో కలయికగా వస్తాయి. దానికి తోడు, మీ అమ్మగారి జబ్బు మొదలైనప్పుడు మీరు మూడు నెలల పసికందు, ఆయన అప్పటికే నడిచే పిల్లవాడో బడికి వెళ్లే పిల్లవాడో. ఒకే ఇల్లు, ఒకే తల్లి అయినా మీ ఇద్దరి బాల్యం ఒకటి కాదు. ఈ 697 తేడాలనూ కలిపి ఒక మార్కు వేసే పరీక్షలు కూడా వస్తున్నాయి. వాటి వెనుక ఉన్న సమాచారంలో ఎక్కువ భాగం యూరప్ సంతతివారిది కనుక మనవారి విషయంలో వాటి అంచనా ఇంకా బలహీనం. వాటి మీద డబ్బు పోయవద్దు.

ఇక మీ జ్ఞాపకం సంగతి. ఇది జబ్బు లక్షణమని మీరు భయపడుతున్నారు. భావోద్వేగంతో కలిసిన సంఘటనలు మామూలు సంఘటనల కంటే గట్టిగా గుర్తుండడం మనిషి మెదడు సహజ స్వభావం. మనసు కదిలినప్పుడు నోరడ్రినలిన్ అనే రసాయనం విడుదలై అమిగ్డలాను మేల్కొల్పుతుంది, అది పక్కనే ఉన్న హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని జ్ఞాపకం గట్టిగా ముద్రించమని ప్రేరేపిస్తుంది. ఈ గట్టిదనంలో మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది, ఆ తేడాలో జన్యువులకూ వాటా ఉంది. స్విట్జర్లాండ్‌కు చెందిన డి కెర్వాన్ బృందం 2007లో నోరడ్రినలిన్‌ను అందుకునే ఒక గ్రాహకపు జన్యువును పరిశీలించింది. ఆ జన్యువులో చిన్న ముక్క లోపించిన రూపం ఉన్న స్విస్ యువతీయువకులకు భావోద్వేగం నిండిన చిత్రాలు ఎక్కువ గుర్తున్నాయి. రువాండా మారణకాండ నుంచి బయటపడి ఉగాండాలోని శరణార్థి శిబిరంలో ఉన్నవారిలో అదే రూపం ఉన్నవారిని ఆ ఘోరాల జ్ఞాపకాలు ఎక్కువగా వెంటాడాయి. ఇదీ ఒక్క జన్యువు పరిశోధనే, దీనితో ఏ ఒక్కరి భవిష్యత్తూ చెప్పలేం. అయినా అందులో మీకు పనికొచ్చే విషయం ఒకటుంది. స్విస్ యువతకు ఎక్కువ గుర్తున్నవి బాధ కలిగించిన చిత్రాలు మాత్రమే కాదు, సంతోషం కలిగించిన చిత్రాలు కూడా. గట్టిగా ముద్రించుకునే మెదడు రెండింటినీ ముద్రించుకుంటుంది. మీరు ఉత్తరంలో మొదటి రకాన్నే లెక్కవేశారు. ఆ శరణార్థులలోనే కనిపించిన మరో నిజం కూడా మరువకూడదు. ఒక మనిషి చూసిన ఘోరాల సంఖ్య పెరిగే కొద్దీ మానసిక గాయానికి లోనయ్యేవారి శాతం పెరుగుతూ పోయి, చివరికి దాదాపు అందరినీ చేరింది. అంతటి భారం మీద పడితే ఎలాంటి జన్యువులున్నా మనిషి కుంగుతాడు. దానిని బలహీనత అనే హక్కు ఎవరికీ లేదు.

గుర్తుండడం వేరు, నెమరువేయడం వేరు. మాట గుర్తుండడం మీ స్వభావం. ఆ మాటను రాత్రి పక్క మీద తిప్పితిప్పి తలచుకోవడం అలవాటు. డిప్రెషన్‌కు దారితీసేవాటిలో మొదటిది కంటే రెండోదే ముఖ్యం, దానిని మార్చుకోవడం సాధ్యం. సైకాలజిస్టులు చేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో ఇది నేర్పుతారు. జ్ఞాపకం ఒకసారి రాసి మూసేసిన దస్తావేజు కాదని కూడా ఇప్పుడు తెలుసు. న్యూయార్క్‌లో 2000లో ఎలుకల మీద జరిగిన ప్రయోగాలలో, పాత భయాన్ని తిరిగి గుర్తుచేసినప్పుడు ఆ జ్ఞాపకం కొంతసేపు మెత్తబడి మళ్లీ గట్టిపడుతుందని తేలింది. ఒక బాధను ఒంటరిగా చీకట్లో తలచుకోవడానికీ, నమ్మకమైన మనిషి ఎదుట కూర్చొని చెప్పుకోవడానికీ తేడా ఉందని అనుభవంతో మనకు ఎప్పటి నుంచో తెలిసినదే.

ఒత్తిడి విషయంలో జన్యువులూ బతుకూ ఎలా కలుస్తాయో చెప్పడానికి నేను ఎప్పుడూ మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం ఎలుకల ప్రయోగాన్నే ఎంచుకుంటాను. కొన్ని తల్లి ఎలుకలు పిల్లలను బాగా నాకి సాకుతాయి, కొన్ని తక్కువ. ఎక్కువ నాకించుకున్న పిల్లలు పెద్దయ్యాక ఒత్తిడి వచ్చినప్పుడు కార్టిజాల్ వంటి ఒత్తిడి హార్మోన్లను త్వరగా అదుపు చేసుకున్నాయి. అది పుట్టుకతో వచ్చిన గుణమేమో చూద్దామని, తక్కువ నాకే తల్లికి పుట్టిన పిల్లలను ఎక్కువ నాకే తల్లి దగ్గర పెంచారు. అవి పెంచిన తల్లి పిల్లలలాగే ఎదిగాయి. మైకేల్ మీనీ, మోషే జిఫ్ బృందం 2004లో చూపినదేమిటంటే, ఆ సాకడం వల్ల హిప్పోక్యాంపస్‌లో ఒత్తిడి హార్మోన్‌ను అందుకునే గ్రాహకపు జన్యువు మీద ఉన్న రసాయన గుర్తులు మారాయి. జన్యువు అక్షరాలు అవే, అది పనిచేసే తీరు మారింది. మనిషికి దీన్ని యథాతథంగా అంటగట్టకూడదు. అమెరికాలోని అట్లాంటాలో, ఒత్తిడి హార్మోన్లకు శరీరం స్పందించే తీరును ప్రభావితం చేసే ఎఫ్‌కేబీపీ5 అనే జన్యువు మీద జరిగిన పరిశోధనలు మాత్రం ఈ దిశగానే చూపాయి: ఆ జన్యువులో కొన్ని రూపాల ప్రభావం, బాల్యంలో హింసకు గురైనవారిలోనే కనబడింది.

ఇప్పుడు మీ అమ్మగారి దగ్గరకు వస్తాను. ఈ విషయంలో జన్యు పరిశోధనలన్నింటి కంటే నాకు విలువైనదిగా తోచేది, ఒక్క జన్యువునూ పరీక్షించని ఒక పరిశోధన. అమెరికాలో మిర్నా వైస్మన్ బృందం 2006లో, డిప్రెషన్‌కు మందులు వాడుతున్న 151 మంది తల్లులనూ వారి పిల్లలనూ గమనించింది. చికిత్స తల్లులకు మాత్రమే. మూడు నెలలలో జబ్బు పూర్తిగా తగ్గిన తల్లుల పిల్లలలో మానసిక సమస్యలున్నవారి వాటా 11 శాతం తగ్గింది. జబ్బు తగ్గని తల్లుల పిల్లలలో అది 8 శాతం పెరిగింది. మూడేళ్ల తరువాత, డిప్రెషన్ ఉన్న తల్లిదండ్రుల పిల్లలు 316 మందితో మరో పరిశోధన వచ్చింది. ఎనిమిది వారాల పాటు ఆలోచనలను సరిదిద్దుకునే శిక్షణ ఇస్తే, ఆ తరువాతి నెలలలో డిప్రెషన్‌కు లోనైనవారు 21 శాతం, శిక్షణ లేనివారిలో సుమారు 33 శాతం. కానీ ఆ సమయంలో తల్లో తండ్రో డిప్రెషన్‌లో ఉన్న ఇళ్లలో ఆ శిక్షణ పనిచేయలేదు. ఆ పిల్లలు చిన్నవారు, మీరు పెద్దవారు, నిజమే. అయినా రేపు మీ బిడ్డను మీ అమ్మగారే కదా ఎత్తుకొని పెంచేది, పురిటికి మీరు వెళ్లేది ఆవిడ దగ్గరికే కదా. వంశం నుంచి వచ్చే ముప్పును తగ్గించడానికి మీ ఇంట్లో చేయగలిగిన అతి పెద్ద పని ఆవిడ చికిత్స తిరిగి మొదలుకావడమే.

వంశంలో ఉన్నదానికి మందులేం చేస్తాయన్న మాటకు ఆవిడతో ఇలా చెప్పండి: బీపీ, షుగరు కూడా వంశంలో వచ్చేవే, వాటికి మందులు మానేస్తామా? జబ్బు ఎందుకు వచ్చిందన్నది ఒక ప్రశ్న, మందు పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న. జాతీయ సర్వే ప్రకారం డిప్రెషన్ ఉన్నవారిలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందడం లేదు. అలాంటిది, ఆవిడ ఇన్నేళ్లు చికిత్స పొందిన అదృష్టవంతురాలు. పాత మాత్రలను మీ అంతట మీరు మళ్లీ వేయించవద్దు. మానసిక వైద్యుడికి చూపించండి. ఆవిడకు ఎప్పుడైనా దీనికి విరుద్ధంగా, కొన్ని రోజుల పాటు నిద్ర లేకపోయినా విపరీతమైన ఉత్సాహం, ఆగని మాటలు, చేతికి అందినంత ఖర్చు వంటివి కనిపించాయేమో మీ నాన్నగారిని, పెద్దవారిని అడిగి తెలుసుకొని ఆ వైద్యుడికి చెప్పడం చాలా ముఖ్యం. అలా ఉంటే అది బైపోలార్ అనే వేరే జబ్బు. దానిలో వంశం పాత్ర ఎక్కువ, మందులు వేరు, కాన్పు తరువాత మీ విషయంలో తీసుకోవలసిన జాగ్రత్త కూడా ఎక్కువ.

పిల్లల్ని నిశ్చింతగా కనండి. డిప్రెషన్ కారణంగా పిల్లలు వద్దనుకోవలసిన అవసరం లేదు, దానికి గర్భంలో చేసే పరీక్ష కూడా ఏదీ లేదు. మేనరికం సంగతి వేరు. మీ భర్త మీ నాన్నగారి అక్కచెల్లెళ్ల కొడుకు కనుక, మీ ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నవి నాన్నగారి వైపు జన్యువులు. అమ్మగారి వైపు నుంచి వచ్చినవి మీ బిడ్డలో రెట్టింపు కావు. కానీ మేనరికంలో, ఒకే జన్యువు రెండు ప్రతులూ చెడితే వచ్చే పుట్టుక జబ్బుల ముప్పు, మామూలు దంపతులకు ఉండే 100కు 3 దాకా ముప్పు మీద మరో 2 నుంచి 3 వరకు పెరుగుతుంది. ఇది నిజంగా ఒక జన్యువుతో తేల్చగలిగిన విషయం. మన ప్రాంతపు వైశ్య కుటుంబాలలో ఆపరేషన్ సమయంలో వాడే ఒక కండరాల సడలింపు మందు పడని లోపం ఒక్క జన్యువు వల్లే వస్తుంది, దానిని ముందే కనిపెట్టవచ్చు కూడా. కాబట్టి గర్భం దాల్చకముందే ఇద్దరూ కలిసి హైదరాబాదులోని నిమ్స్ వంటి చోట జన్యు వైద్య విభాగంలో సలహా తీసుకోండి, తలసేమియా పరీక్ష చేయించుకోండి. ఆన్‌లైన్ కిట్‌కు పెట్టిన డబ్బు దీనికి పెట్టి ఉంటే ఉపయోగపడేది.

కాన్పు తరువాతి నెలలు మాత్రం మీరు కళ్లు తెరుచుకొని ఉండవలసినవి. అమ్మగారి జబ్బు మొదలైనది అప్పుడే. గర్భం నిర్ధారణ అయిన వెంటనే ఆ విషయం మీ కాన్పు డాక్టరుగారికి చెప్పండి. పుట్టిన తరువాత రాత్రి కొంతసేపైనా బిడ్డను వేరొకరు చూసుకొని, మీకు కనీసం ఐదు గంటలు ఆగకుండా నిద్ర దొరికే ఏర్పాటు ముందే చేసుకోండి. రెండు వారాలకు మించి దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, బిడ్డ మీద మనసు నిలవకపోవడం ఉంటే ఆగకుండా చూపించుకోండి. ఉన్నట్టుండి నిద్ర పూర్తిగా పోయి, లేనివి వినిపించడం, వింత అనుమానాలు మొదలైతే అది అదే రోజు ఆసుపత్రికి వెళ్లవలసిన పరిస్థితి.

ఈ ఏర్పాట్లు అత్తయ్యకు తెలియకుండా జరగవు, అందుకని చెప్పండి. ఆవిడ పరాయి అత్తగారు కాదు, మీ మేనత్త. వదినకు ఒంట్లో బాగుండదని ఇన్నేళ్లుగా చూస్తూనే ఉన్నారు, పేరు మాత్రమే తెలియదు. ముందు మీ భర్తకు అంతా చెప్పి, ఆయన పక్కన ఉండగా, "అమ్మది నరాల బలహీనత కాదు అత్తయ్యా, డిప్రెషన్, చికిత్స ఉన్న జబ్బు" అని ఒక్క వాక్యంలో మొదలుపెట్టండి. పెళ్లి సంబంధాలలో అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ చూడమని మన పెద్దలు అన్నమాటను మనం మచ్చలు వెతకడానికి వాడుకున్నాం. కుటుంబ చరిత్ర తెలిసి ఉండడం ఆడపిల్లను కాపాడుకోవడానికి వాడవలసిన విషయం.

మీ విషయానికి వస్తే, నాకు మీ ఉత్తరంలో డిప్రెషన్ కంటే భయమే ఎక్కువగా కనబడింది. అయినా ఆరు నెలలుగా నిద్ర చెడడం చిన్న సంగతి కాదు, మీరూ ఒకసారి వైద్యుడిని కలవండి. రోజూ నడవండి. అమెరికాలో దాదాపు 8 వేల మంది వివరాలతో 2019లో వెలువడిన పరిశోధనలో, వారానికి అదనంగా నాలుగు గంటల శారీరక శ్రమ ఉన్నవారిలో డిప్రెషన్ వచ్చే అవకాశం 17 శాతం తక్కువగా ఉంది. జన్యుపరంగా ముప్పు ఎక్కువ ఉన్నవారిలోనూ ఆ మేలు కనబడింది. చిన్నమామయ్య మరణం గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరని మీ ఉత్తరం తీరు చూస్తే అనిపించింది. ఆయనకు చికిత్స అందలేదేమో, ఎవరికీ చెప్పుకోలేకపోయారేమో. ఆ చావు మీ వంశపు రాత కాదు, వైద్యం చేరని ఒక జబ్బు. మీకు గానీ అమ్మగారికి గానీ బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే, ఆ క్షణమే ఇంట్లో ఒకరికి చెప్పి, 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ నంబరు, 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు.

ఈ వారంలోనే ఊరికి వెళ్లండి. అమ్మగారి పాత మందుల చీటీలు ఎన్ని దొరికితే అన్ని ఒకచోట చేర్చండి. ఏ మందు ఏ సంవత్సరం వాడారో, దేనితో కోలుకున్నారో, ఏది పడలేదో ఆవిడను పక్కన కూర్చోబెట్టుకొని ఒక కాగితం మీద రాయండి. ఒకరికి పనిచేసిన మందు రక్తసంబంధీకులకు పనిచేసే అవకాశాన్ని వైద్యులు ఒక ఆధారంగా చూస్తారు కనుక, ఆ కాగితం ఆవిడ చికిత్సకూ, అవసరం పడితే మీ చికిత్సకూ పనికొస్తుంది. రెండు ప్రతులు తీసి, ఒకటి ఆవిడ వైద్యుడికి ఇచ్చి, రెండోది మీ దగ్గర ఉంచుకోండి.